పిల్లలు చెప్పిన తర్వాతి పది నిమిషాలు

(తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల ఉమ్మడి సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకి రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఫోన్లు జేబులో పెట్టుకోండి, చివర్లో పని పడుతుంది.

టీచర్లనీ తల్లిదండ్రులనీ కలిపి కూర్చోబెట్టమని అడిగింది మేమే. ఎందుకంటే ఫోన్‌లో పిల్లలకి ఎదురయ్యే మోసాలు, బెదిరింపుల విషయంలో బడి ఇంటి మీదికి నెట్టేస్తుంది, ఇల్లు బడి మీదికి నెట్టేస్తుంది. "ఫోన్ కొనిచ్చింది మీరే కదా" అంటుంది బడి. "ఆ గ్రూపులో ఉన్నదంతా మీ క్లాసు పిల్లలే కదా" అంటుంది ఇల్లు. ఈ ఇద్దరి మధ్యా పిల్లవాడు ఎవరికీ చెప్పకుండా ఉండిపోతాడు.

సెట్టింగుల గురించి చెప్తాను, ఫిల్టర్ల గురించీ చెప్తాను. కానీ వాటితో మొదలుపెట్టను. ఒక ప్రశ్నతో మొదలుపెడతాను. ఇవాళ రాత్రి మీ అమ్మాయికో అబ్బాయికో ఫోన్‌లో ఒళ్లు జలదరించే మెసేజ్ ఒకటి వచ్చిందనుకోండి. మీకు చెప్తారా? చేతులెత్తక్కర్లేదు, మనసులో అనుకోండి. చెప్పరేమో అనిపిస్తే, ఎందుకు చెప్పరు? తిడతారని. అంతకన్నా ఎక్కువగా, ఫోన్ లాక్కుంటారని. మనకి ఫోన్ ఒక వస్తువు. పన్నెండేళ్లు దాటిన పిల్లలకి అందులోనే స్నేహితులున్నారు, క్లాసు గ్రూపుంది, ఆటలున్నాయి, పాటలున్నాయి. ఫోన్ లాక్కోవడం అంటే వాళ్ల లెక్కలో ఊరు నుంచి వెలివేయడం లాంటిది. మోసం చేసేవాడికి ఈ సంగతి మనకంటే బాగా తెలుసు. వాడి పెట్టుబడి మొత్తం ఆ భయమే.

ఎలాగో చూడండి. డబ్బు కోసం పిల్లల్ని బెదిరించే పద్ధతి ఒకటుంది, సెక్స్‌టార్షన్ అంటున్నారు. ఇందులో ఎక్కువగా చిక్కుతున్నది 14 నుంచి 17 ఏళ్ల మగపిల్లలని అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ హెచ్చరిస్తోంది. "మాకున్నది అబ్బాయే, మాకేం భయం లేదు" అనుకునే ఇళ్లుంటాయి కదా, వాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

ఒక ఆడపిల్ల ఫొటోతో ఇన్‌స్టాగ్రామ్‌లోనో ఆటలోనో రిక్వెస్టు వస్తుంది. ఇద్దరు ముగ్గురు మ్యూచువల్ ఫ్రెండ్స్ కూడా కనిపిస్తారు. అవతలివాడు ముందుగా క్లాసులో కొందరికి రిక్వెస్టులు పెట్టి, ఒప్పుకున్నవాళ్లని చూపించి మిగతావాళ్లని నమ్మిస్తాడు. కాసేపు కబుర్లు. తర్వాత "ఇక్కడ వద్దు, వేరే యాప్‌లోకి రా" అంటారు. ఈ మాట పిల్లలకి బాగా గుర్తుండేలా చెప్పండి: ఒకచోట పరిచయమైన మనిషి ఇంకోచోటికి రమ్మంటే అక్కడే ఆగాలి. ఆటలో ఉండే చాట్‌ని ఆ కంపెనీ ఎంతో కొంత గమనిస్తుంది. వేరే యాప్‌లో, అందులోనూ మెసేజ్‌లు మాయమైపోయే చోట, గమనించేవాళ్లు ఉండరు. అందుకే రమ్మంటాడు. అక్కడ ముందు వాళ్లే బట్టల్లేని ఫొటో ఒకటి పంపిస్తారు, అదీ ఎక్కడో దొంగిలించిందే. "నువ్వూ పంపు" అంటారు. పంపిన మరుక్షణం తెర మీద వచ్చేది ఏమిటో తెలుసా? పిల్లవాడి ఫాలోయర్ల లిస్టు స్క్రీన్‌షాట్. అందులో అక్క పేరుంటుంది, మేనమామ పేరుంటుంది, క్లాస్ టీచర్ పేరూ ఉంటుంది. కింద "పది నిమిషాల్లో డబ్బు పంపకపోతే వీళ్లందరికీ వెళ్తుంది" అని. తర్వాత తొమ్మిది, ఎనిమిది అని అంకెలు వస్తుంటాయి.

రాత్రి పదకొండింటికి, దుప్పటి కింద, పదిహేనేళ్ల పిల్లవాడు. వాడికి ఆ క్షణంలో రెండు దారులే కనిపిస్తాయి. డబ్బు పంపడం, లేదా అమ్మానాన్నల గది తలుపు తట్టడం. తలుపు తడితే ఫోన్ పోతుంది, పరువు పోతుంది అనుకుంటాడు. ఈ బెదిరింపులు తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్న పిల్లలున్నారు. మొదటి బెదిరింపుకీ ఆ నిర్ణయానికీ మధ్య కొద్ది గంటలే ఉన్న సందర్భాలున్నాయి. అందుకే ఆ తలుపు తట్టే దారిని మనం ముందే, ఏమీ జరగకముందే, తెరిచిపెట్టాలి.

ఎలా తెరవాలి? ఇవాళ ఇంటికెళ్లాక ఒకే వాక్యం చెప్పండి. "ఫోన్‌లో ఏం జరిగినా, తప్పు నీదే అయినా సరే, వచ్చి చెప్తే నేను ఫోన్ లాక్కోను." అంతే. ఉపన్యాసం వద్దు. నెలకోసారి మళ్లీ చెప్పండి. ఆ మాట మీద నిలబడండి. ఒక్కసారి తప్పితే చాలు, రెండోసారి మీ దగ్గరికి రారు.

ఇక వచ్చి చెప్పారనుకోండి. ఇప్పుడు మీ చేతిలో పది నిమిషాలున్నాయి. మీ నోటి నుంచి వచ్చే మొదటి మాట "ఎందుకు పంపావు?" అయితే పని చెడుతుంది. అది అడగాల్సిన ప్రశ్నే, కానీ ఆ రాత్రి కాదు. ముందు అనాల్సింది: "చెప్పి మంచి పని చేశావు. ఇద్దరం కలిసి చూద్దాం." మీ చేతులు వణుకుతున్నా సరే, గొంతు మాత్రం పెంచకండి. రాసుకునేవాళ్లు రాసుకోండి, ఇప్పుడు చెప్పేది వరుస ముఖ్యం.

డబ్బు పంపొద్దు. ఒకసారి పంపితే వదిలేస్తాడా? వదలడు. ఇచ్చేవాడని తెలిస్తే ఇంకా అడుగుతాడు. ఇప్పటికే పంపేసి ఉంటే బ్యాంకుకి వెంటనే ఫోన్ చేయండి, ఎంత ఆలస్యమైతే అంత కష్టం. గిఫ్ట్ కార్డు నంబర్లు పంపి ఉంటే ఆ కార్డు కంపెనీకి చెప్పండి.

జవాబివ్వడం ఆపేయండి. బతిమాలొద్దు, "మా నాన్న పోలీసు" అని బెదిరించొద్దు. ప్రతి జవాబూ వాడికి మనిషి ఇంకా ఫోన్ దగ్గరే ఉన్నాడని చెప్తుంది.

ఏదీ డిలీట్ చేయొద్దు. ఇక్కడే చాలామంది కాలు జారతారు. భయంతో చాట్ మొత్తం తుడిచేస్తారు, అకౌంటే తీసేస్తారు. సాక్ష్యం పోతుంది, బెదిరించేవాడు మాత్రం అలాగే ఉంటాడు. ముందు స్క్రీన్‌షాట్లు తీయండి. ఏం తీయాలి? బెదిరింపు మెసేజ్‌లు, తేదీ, టైము కనిపించేలా. వాడి ప్రొఫైల్ పేజీ. అందులో పైన పెద్దక్షరాల్లో ఉండే పేరు సరిపోదు, దాన్ని ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకోవచ్చు. యూజర్‌నేమ్ కావాలి, ప్రొఫైల్ లింకు కావాలి. డబ్బు పంపమన్న ఖాతా నంబరో ఫోన్ నంబరో కావాలి. స్నాప్‌చాట్‌లో స్క్రీన్‌షాట్ తీస్తే అవతలివాళ్లకి తెలిసిపోతుంది, అక్కడ ఇంకో ఫోన్‌తో తెరని ఫొటో తీయండి.

ఒక్క విషయం గట్టిగా చెప్తాను, టీచర్లు మరీ ముఖ్యంగా వినండి. పిల్లల నగ్న చిత్రాన్ని మాత్రం స్క్రీన్‌షాట్ తీయొద్దు, ఫార్వర్డ్ చేయొద్దు, "సాక్ష్యం కోసం" అని మీ ఫోన్‌కి పంపించుకోవద్దు. చాలా దేశాల చట్టాల్లో అలాంటి చిత్రం దగ్గర ఉంచుకోవడమే నేరం, ఎవరు, ఎందుకు అన్నది తర్వాత సంగతి. చట్టం మాట పక్కనపెట్టినా, ఆ పిల్లకి అది ఇంకో మనిషి చూశారన్న బాధ. మాటల స్క్రీన్‌షాట్లు చాలు.

ఆ తర్వాత యాప్‌లో రిపోర్టు. ఆ తర్వాతే బ్లాక్. ఈ వరుస ఎందుకో వాట్సాప్‌తో చెప్తాను. రిపోర్టు నొక్కితే అవతలివాడు పంపిన చివరి ఐదు మెసేజ్‌లు కంపెనీకి వెళ్తాయి. అదే పెట్టెలో బ్లాక్ చేసి చాట్ తీసేయమంటారా అని ఒక టిక్కు ఉంటుంది. చూసుకోకుండా దాన్ని అలాగే వదిలేసి నొక్కితే మీ ఫోన్‌లో ఉన్న చాట్ పోతుంది. స్క్రీన్‌షాట్లు అప్పటికే తీసి ఉంటే నష్టం లేదు, లేకపోతే పోయినట్టే. అందుకే స్క్రీన్‌షాట్, రిపోర్టు, బ్లాక్. ఆ వరుసలోనే. తర్వాత పోలీసులకి, మీ దేశంలో పిల్లల కోసం ఉన్న హెల్ప్‌లైన్‌కి. ఆ నంబరు ఆ రాత్రి వెతుక్కోకుండా ఇవాళే ఫ్రిజ్ మీద అంటించండి. ఆ రాత్రి పిల్లవాణ్ణి ఒంటరిగా పడుకోనివ్వకండి. ఇది కూడా వరుసలో భాగమే.

"ఫొటో ఇప్పటికే బయటికి వెళ్లిపోతే?" అని అడుగుతారు. అప్పుడూ దారి ఉంది. టేక్ ఇట్ డౌన్ అని ఒక సేవ ఉంది. తప్పిపోయిన, వేధింపులకి గురైన పిల్లల కోసం పనిచేసే అమెరికా జాతీయ కేంద్రం దాన్ని 2023లో మొదలుపెట్టింది. డబ్బు కట్టక్కర్లేదు, పేరు చెప్పక్కర్లేదు, ఏ దేశం నుంచైనా వాడొచ్చు. 18 ఏళ్లు నిండకముందు తీసిన చిత్రమై ఉండాలి. ఇందులో చిత్రం మీ ఫోన్ దాటి వెళ్లదు. ఆ చిత్రానికి వేలిముద్ర లాంటి ఒక సంకేతాన్ని, హాష్ అంటారు దాన్ని, ఫోన్‌లోనే తయారుచేసి ఆ సంకేతాన్ని మాత్రమే పంపిస్తుంది. ఒప్పుకున్న కంపెనీలు తమ దగ్గర ఆ వేలిముద్రతో సరిపోయేది ఉందేమో వెతికి తీసేస్తాయి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, టిక్‌టాక్, స్నాప్‌చాట్ వాటిలో ఉన్నాయి. దీనికి రెండు పరిమితులున్నాయి, అవి తెలియకపోతే తర్వాత నిరాశపడతారు. అదే చిత్రాన్ని కొంచెం కత్తిరించినా, మీద ఒక బొమ్మ అంటించినా వేలిముద్ర మారిపోతుంది, దాన్ని మళ్లీ విడిగా నమోదు చేయాలి. రెండోది, ఎన్‌క్రిప్టెడ్ చాట్‌లలో, అంటే పంపినవాళ్లూ అందుకున్నవాళ్లూ తప్ప కంపెనీ కూడా చదవలేని చాట్‌లలో, తిరుగుతున్నదాన్ని ఇది పట్టుకోలేదు. అయినా వాడండి. ఇలాంటి సేవ ఒకటుందని తెలిస్తేనే పిల్లవాడికి ఊపిరి ఆడుతుంది.

ఇప్పుడు బడి సంగతి.

పిల్లలు ఒక్కోసారి ఇంట్లో చెప్పనిది టీచర్‌కి చెప్తారు. లంచ్ బెల్ కొట్టాక, అందరూ వెళ్లిపోయాక, బల్ల దగ్గర నిలబడి "ఎవరికీ చెప్పనంటే ఒకటి చెప్తాను మేడమ్" అంటుంది ఒక పిల్ల. మీరేమంటారు? "సరే, ఎవరికీ చెప్పను" అన్నారో, చిక్కులో పడ్డట్టే. ఆ మాట మీరు నిలబెట్టుకోలేరు. "నీకు సాయం చేయగలిగినవాళ్లకి తప్ప ఎవరికీ చెప్పను" అనండి. అది నిజం, నిలబెట్టుకోగలరు. తర్వాత ఆమెని మాట్లాడనివ్వండి. "ఏం జరిగిందో చెప్పు", "తర్వాత?" అంటే చాలు. "వాడు నిన్ను ఫొటో పంపమన్నాడా?" అని మీరే మాటలు అందిస్తే, రేపు విచారణలో అవి మీ మాటలా ఆమె మాటలా అన్న ప్రశ్న వస్తుంది. విన్నది అదే రోజు రాసిపెట్టండి: తేదీ, టైము, ఆమె అన్న మాటలు అన్నట్టుగానే, ఇంకా ఎవరికి తెలుసు. కింద సంతకం.

ఆ కాగితం ఎవరికి వెళ్లాలి? ప్రతి బడిలో ఇలాంటివి చూసుకోవడానికి ఒక మనిషి ఉండాలి, ఆ మనిషి సెలవులో ఉంటే చూసేందుకు ఇంకో మనిషి ఉండాలి. ఇద్దరి పేర్లూ పిల్లలకి తెలియాలి, క్లాసు గోడ మీద రాసి ఉండాలి. ఆ ఏర్పాటు లేని బడిలో ఏమవుతుందంటే, క్లాస్ టీచర్ సూపర్‌వైజర్‌కి చెప్తారు, సూపర్‌వైజర్ ప్రిన్సిపాల్‌కి చెప్తారు, ప్రతిచోటా ఆ పిల్లని పిలిచి మళ్లీ మొదటి నుంచి చెప్పమంటారు. స్టాఫ్ రూమ్‌లో ఫోన్ చేతులు మారుతుంది. సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. చివరికి "నీ మంచికే" అని ఆ పిల్లనే నాలుగు రోజులు ఇంట్లో ఉండమంటారు. చూసే క్లాసు మొత్తానికి ఏం అర్థమవుతుంది? చెప్తే శిక్ష చెప్పినవాళ్లకే అని. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ బడిలో ఎవరూ నోరు విప్పరు. దయచేసి అలా చేయకండి.

తోటి పిల్లల ఫొటోని ఏఐ యాప్‌లో పెట్టి బట్టల్లేనట్టు మార్చడం ఇప్పుడు బడుల్లోకి వచ్చేసింది. "అది నిజం కాదు కదండీ, సరదాకి చేశారు" అంటారు చేసినవాళ్ల తల్లిదండ్రులు. ఆ పిల్ల ముఖం నిజం. చూసినవాళ్లు నిజం. రేపు క్లాసులోకి ఆమె అడుగుపెట్టాల్సింది నిజం. నిజమైన చిత్రానికి ఏ పద్ధతి పాటిస్తారో దీనికీ అదే పాటించండి. బడి పేజీలో మీరు పెట్టే ఫొటోలు కూడా ఒకసారి చూసుకోండి. బహుమతి అందుకుంటున్న పిల్ల ముఖం దగ్గరగా, పెద్ద సైజులో, కింద పూర్తి పేరు, తరగతి, సెక్షన్. ఇంతకంటే అవతలివాడికి ఏం కావాలి? గుంపు ఫొటో పెట్టండి, దూరం నుంచి తీయండి, పేరు, ఫొటో కలిపి పెట్టకండి, తల్లిదండ్రుల్ని అడిగి పెట్టండి.

ఇక సెట్టింగులు. వీటిలో అన్నిటికన్నా ముఖ్యమైనది, ఎవరూ పట్టించుకోనిది, పుట్టినతేదీ. చాలా యాప్‌లు 13 ఏళ్లు అంటాయి. ఆ 13 ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా? 1998లో అమెరికా చేసిన చట్టం, కోపా అంటారు, 13 ఏళ్లలోపు పిల్లల సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంది. కంపెనీలు ఆ బాధ్యత తప్పించుకోవడానికి 13 నిండినవాళ్లనే రమ్మన్నాయి. అంటే అది సమాచారం గురించిన అంకె, ఆ వయసుకి పిల్లలు అన్నీ తట్టుకోగలరని ఎవరూ హామీ ఇవ్వలేదు.

ఇప్పుడు లెక్క వేయండి. పదేళ్ల పిల్లవాడు 13 అని చెప్పి అకౌంట్ తెరిచాడు. చాలాసార్లు పక్కన కూర్చుని తెరిపించేది మనమే, అవునా? మూడేళ్లే కదా తేడా అనుకుంటాం. ఆ మూడేళ్లు వాడితోపాటే పెరుగుతాయి. నిజంగా పదిహేను వచ్చేసరికి ఆ యాప్ దృష్టిలో వాడికి 18. ఇన్‌స్టాగ్రామ్ 2024 సెప్టెంబరులో టీన్ అకౌంట్స్ తెచ్చింది: అకౌంట్ దానంతటదే ప్రైవేట్‌గా ఉంటుంది, తెలియనివాళ్లు మెసేజ్ పెట్టలేరు. పదిహేనేళ్ల ఆ పిల్లవాడికి, సరిగ్గా ఆ రక్షణ కావాల్సిన వయసులో, అది వర్తించకపోవచ్చు. పెద్దవాడి అకౌంట్ వాడిది. అందుకని ఇవాళ మీ పిల్లల ప్రతి యాప్‌లోనూ పుట్టినతేదీ చూడండి. తప్పుంటే సరిచేయండి. సరిచేస్తే కొన్ని యాప్‌లు అకౌంట్ మూసేస్తాయి, ఆ సంగతి పిల్లలకి ముందే చెప్పి, దాచుకోవాల్సిన ఫొటోలు దించుకోనివ్వండి.

ఫిల్టర్ల మాట. ఇంట్లో వైఫై రూటర్ సెట్టింగుల్లో డీఎన్ఎస్ అని ఒక గడి ఉంటుంది, సైట్ పేరు చూసి దాని చిరునామా వెతికిపెట్టే సేవ ఏదో అక్కడ రాస్తాం. అక్కడ 1.1.1.3 అని పెడితే క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ల ఉచిత ఫిల్టరు అశ్లీల సైట్లనీ, వైరస్ సైట్లనీ ఆపుతుంది. ఐదు నిమిషాల పని, చిన్నపిల్లలున్న ఇంట్లో తప్పక చేయండి. కానీ అది ఎక్కడ పనిచేయదో తెలుసుకోండి. మొబైల్ డేటాకి మారితే పనిచేయదు. ఇంటర్నెట్‌ని వేరే దారిలో తిప్పే వీపీఎన్ యాప్ వేస్తే పనిచేయదు. ఫోన్‌లోనే ప్రైవేట్ డీఎన్ఎస్ వేరేది పెట్టుకుంటే పనిచేయదు. పైగా ఇన్‌స్టాగ్రామ్ లోపల వచ్చే మెసేజ్‌ని ఏ డీఎన్ఎస్ ఫిల్టరూ చదవలేదు, దాని పని సైట్ల పేర్లు చూడటం వరకే. బడుల్లో ఇంకో ఇబ్బంది, ఫిల్టరు మరీ బిగించేస్తారు. జీవశాస్త్రం పాఠం కోసం వెతికినవి రావు, వేధింపుల మీద సాయం చేసే సైట్లు రావు. ఏమేం ఆగిపోతున్నాయో నెలకోసారి పిల్లల్నే అడిగి సరిచేయండి.

కొందరు పిల్లల ఫోన్‌లో రహస్యంగా గూఢచారి యాప్‌లు వేస్తారు. వద్దు. తెలిసిన రోజున పిల్లలు ఇంకో ఫోన్ సంపాదిస్తారు, అది మీ కంటపడదు. చూడాలనుకుంటే చెప్పి చూడండి. గూగుల్ వాళ్ల ఫ్యామిలీ లింక్, ఐఫోన్‌లో ఉండే స్క్రీన్ టైమ్ లాంటివి పిల్లలకి తెలిసేలాగే పనిచేస్తాయి, అవి చాలు. రాత్రి ఫోన్లన్నీ హాల్లో ఛార్జింగ్ పెట్టండి, మీవి కూడా. ఇందాక చెప్పిన పదకొండు గంటల దుప్పటి గుర్తుందా? ఆ బెదిరింపు పగటిపూట వస్తే వాడి చుట్టూ మనుషులుంటారు.

సరే, ఇప్పుడు ఫోన్లు తీయండి. మాటలు చాలు, ఒక్కటి ఇక్కడే చేద్దాం. వాట్సాప్ తెరవండి. సెట్టింగ్స్, తర్వాత ప్రైవసీ, కొంచెం కిందికి వస్తే గ్రూప్స్. అక్కడ ఎవ్రీవన్ అని ఉంటే, ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా మిమ్మల్ని ఏ గ్రూపులోనైనా చేర్చేయొచ్చు. మై కాంటాక్ట్స్ చేయండి. ప్రొఫైల్ ఫొటోకి కూడా అలాగే. అయిందా? అయినవాళ్లు పక్కవాళ్లకి చూపించండి. ఇంటికెళ్లి పిల్లల ఫోన్‌లో ఇదే మార్చండి. వాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని, ఫోన్ వాళ్ల చేతిలోనే ఉంచి, వాళ్ల చేతే నొక్కించండి. ఆ పని అవుతుండగానే ఇందాకటి వాక్యం, "వచ్చి చెప్తే నేను ఫోన్ లాక్కోను" అన్నది, చెప్పేయండి. మూడో వరుసలో ఎవరో చేయెత్తారు, మీకు గ్రూప్స్ కనిపించలేదా? ఉండండి, నేనే వస్తున్నాను.